కొట్టుకు వచ్చినవారికి వైఫై: మామయ్య మాట, మరిది భయం

గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరూ పేరూ ప్రకటించవద్దని కోరారు కనుక, సంగతి మాత్రం ఇక్కడ చెబుతాను.

వారిది బజారు వీధిలో ఒక భవనం సెల్లార్‌లో ఉన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్టు ముక్కలు, లైనింగులు, లేసులు అమ్ముతారు. ఒక మూల రెండు మిషన్లు పెట్టి చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇస్తారు. మామగారు ముప్పై ఏళ్ళ కిందట మొదలుపెట్టిన ఆ కొట్టులో ఇప్పుడు బిల్లింగు, లెక్కలు, జీఎస్టీ రిటర్నులు కోడలైన ఈ సోదరే చూసుకుంటున్నారు. భర్త సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటారు. సెల్లార్ కావడంతో ఏ కంపెనీ సిగ్నలూ లోపలికి సరిగ్గా అందదు. ఫోన్‌లో డబ్బు కట్టాలంటే కొన్నవాళ్ళు మెట్లెక్కి వీధిలోకి వెళ్ళి, కట్టి, మళ్ళీ దిగి రావలసి వచ్చేది. అది చూడలేక మామగారు రెండేళ్ళ కిందట వైఫై పాస్‌వర్డును చీర పెట్టె అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి గల్లాపెట్టె వెనుక తగిలించారు. ఆ పాస్‌వర్డు కొట్టు ఫోన్ నంబరే.

అప్పటినుంచి ఆడవాళ్ళు పీకో అయ్యేదాకా కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు, వెంట వచ్చిన పిల్లలు అల్లరి చేయడం లేదు, బేరమూ పెరిగింది. అయితే పై అంతస్తులోని కోచింగ్ సెంటర్ పిల్లలు కూడా అదే వైఫై వాడుతున్నారు. శ్రావణ మాసం రద్దీలో బిల్లింగు కంప్యూటరు నత్తనడక నడుస్తోంది. ఈ మధ్య ఒక సాయంత్రం, ఎవరూ ముట్టుకోకుండానే, కొట్టు ప్రింటరు ఒక కాగితాన్ని బయటికి తోసింది. తీసి చూస్తే ఎవరో అమ్మాయి హాల్ టికెట్. పేరు, పుట్టిన తేదీ, ఫొటో అన్నీ ఉన్నాయి.

హైదరాబాదులో ఉద్యోగం చేసే మరిది ఈ మాట విని, "వెంటనే తీసేయండి వదినా, రేపు ఎవడో మన నెట్ నుంచి వెధవ పని చేస్తే పోలీసులు మన మెట్లు దిగుతారు" అన్నారట. మామగారేమో, "దాహమని వచ్చినవాళ్ళకు నీళ్ళు లేవంటామా? ఏటా చలివేంద్రం పెట్టే కొట్టు మనది" అన్నారట. "పాస్‌వర్డ్ మారిస్తే మామయ్య మాట తీసేసినట్టు అవుతుంది. ఊరుకుంటే రాత్రి నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి? ఆ హాల్ టికెట్ ఇంకా నా సొరుగులోనే ఉంది, దాన్ని ఏం చేయాలో కూడా తెలియడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకే విషయం మీద వాదించుకుంటున్నట్టు మీకు తోస్తోంది గానీ, వారు మాట్లాడుతున్నవి రెండు వేరువేరు విషయాలు. వచ్చినవారికి ఇవ్వాలా వద్దా అన్నది మామగారి మాట. ఇచ్చేది ఏ గుమ్మంలోంచి అన్నది మరిది గారి భయం. ఈ రెండింటికీ మీ మామగారి నోటనే జవాబు ఉంది. ఎండాకాలంలో ఆయన పెట్టే చలివేంద్రాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. కుండ పందిరి కింద, కొట్టు బయట ఉంటుంది. మీద మూత ఉంటుంది, తీసిపోయడానికి పొడుగు కాడ గరిటె ఉంటుంది. దాహమని వచ్చినవాడిని వంటింట్లోకి పంపి బిందెలో చెయ్యి పెట్టి ముంచుకోమని ఎవరూ అనరు. ఇప్పుడు మీ వైఫై విషయంలో జరుగుతున్నది సరిగ్గా అదే.

మీ కొట్టులో వైఫైని పంచే పెట్టె, అంటే రూటర్, ఒకటే; నెట్‌వర్క్ కూడా ఒకటే. గల్లాపెట్టె వెనుక అట్ట చూసి ఫోన్ కలిపినవారు, ఆ రూటర్ దృష్టిలో, మీ బిల్లింగు కంప్యూటరుతో సమానమైన ఇంటిమనుషులే. ప్రింటరూ, కొట్టు కెమెరాల దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టె కూడా ఆ ఇంట్లోవే. హాల్ టికెట్ అమ్మాయి ఏ దురుద్దేశంతోనూ ఆ పని చేసి ఉండదు. ఫోన్‌లో ప్రింట్ నొక్కితే అది తాను ఉన్న నెట్‌వర్క్‌లో ఏ ప్రింటరు దొరుకుతుందా అని వెదుకుతుంది. మీది దొరికింది, కాగితం మీ కొట్టులో వచ్చింది. కోచింగ్ సెంటర్‌లోని ప్రింటర్‌కు పంపాననుకుని ఆ పిల్ల కాసేపు ఎదురు చూసి కూడా ఉంటుంది. ప్రింటరు అలా దొరికిందంటే, మీ కంప్యూటరులో మరో యంత్రం నుంచి తెరవడానికి వీలుగా మీరు షేర్ చేసి ఉంచిన ఫోల్డరు కూడా, దానికి పాస్‌వర్డు లేకపోతే, అలాగే దొరుకుతుంది. బాకీల ఖాతా అందులోనే ఉంచుతామని మీరే రాశారు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఊళ్ళో పదిమందికి తెలిస్తే పోయేది మీ డబ్బు కాదు, ఆ ఆడవాళ్ళ మర్యాద.

డీవీఆర్ సంగతి మరీ ముఖ్యం. బిగించిన మనిషి పెట్టి వెళ్ళిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉందేమో ఈరోజే చూడండి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ప్రపంచమంతటా లక్షల కెమెరాలనూ, డీవీఆర్‌లనూ, రూటర్లనూ చేజిక్కించుకున్నది ఏ గొప్ప మాయతోనో కాదు, ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడం వల్లనే. మీ కొట్టుకు వచ్చేది ఎక్కువగా స్త్రీలు. వారి దృశ్యాలు ఆ పెట్టెలో ఉన్నాయి.

ఒక విషయంలో మాత్రం మీరు ధైర్యంగా ఉండవచ్చు. మీ వైఫై మీద ఫోన్‌పే, గూగుల్ పే వాడినంత మాత్రాన కొనేవారి డబ్బు పోదు. ఆ యాప్‌లు పంపే సమాచారం ఫోన్ నుంచి బ్యాంకు దాకా తాళం వేసుకునే ప్రయాణిస్తుంది, దారిలో ఉన్న వైఫై దాన్ని చదవలేదు. ప్రస్తుత పరిస్థితిలో వచ్చినవారికన్నా ఎక్కువగా ప్రమాదానికి గురవుతున్నది మీరే.

ఇక మరిది గారి భయం. అది ఉత్త భయం కాదు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్ళు జరిగినప్పుడు వార్తా సంస్థలకు వచ్చిన ఈమెయిలు జాడ తీస్తే, అది నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫైకి చేరింది. సరైన భద్రత లేని ఆ వైఫైని వేరెవరో వాడుకున్నారు, పోలీసుల ప్రశ్నలకు మాత్రం కనెక్షన్ ఉన్న మనిషి జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఆ తరువాత టెలికాం శాఖ 2009 ఫిబ్రవరి 23న ఇంటర్నెట్ కంపెనీలకు ఆదేశాలిచ్చి, బహిరంగ స్థలాల్లో వైఫై వాడేవారిని గుర్తింపు కార్డు ద్వారా గానీ, ఫోనుకు పంపే పాస్‌వర్డు ద్వారా గానీ గుర్తించాలని చెప్పింది. కారణం సులభంగానే అర్థమవుతుంది. బయటి ప్రపంచానికి మీ నెట్‌వర్క్‌లోని ముప్పై ఫోన్లూ ఒకే చిరునామాతో కనిపిస్తాయి, ఆ చిరునామా కంపెనీ పుస్తకంలో మీ కొట్టు పేరు మీద ఉంటుంది. రూటర్‌లో కనిపించే ఫోన్ల జాబితా చూపిస్తే సరిపోతుందని కొందరు చెబుతారు గానీ, ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు గుర్తింపు సంఖ్యకు బదులు మారు సంఖ్య చూపిస్తాయి కనుక ఆ జాబితాను నమ్ముకోవడానికి లేదు.

కనుక ఆయన చెప్పినట్టు పూర్తిగా తీసేయడం కూడా ఒక దారే, దాన్ని తేలికగా కొట్టిపారేయలేము. అలా చేస్తే కొన్నవాళ్ళు మళ్ళీ మెట్లెక్కాలి. లేదా మీ కుర్రాడు క్యూఆర్ కోడ్ అట్ట పట్టుకుని మెట్ల పైన నిలబడాలి. పీకో కోసం కూర్చునేవాళ్ళు కొంత తగ్గుతారు. ఆ నష్టం ఎంతో నాకన్నా మీకే బాగా తెలుసు. ఈ దారి ఎంచుకున్నా అట్ట తీసేస్తే సరిపోదు, పాస్‌వర్డు మార్చి తీరాలి. ఎందుకంటే రెండేళ్ళుగా కొట్టుకు వచ్చినవారి ఫోన్లన్నింటిలో అది ఉండిపోయింది. ఇంకొక మాట. సెల్లార్‌లో సిగ్నల్ కోసం బూస్టర్ పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అనుమతి లేకుండా అటువంటి పరికరం పెట్టడం మన దేశంలో నేరం, పైగా దానివల్ల చుట్టుపక్కల వారి ఫోన్లు కూడా దెబ్బతింటాయి.

ఇస్తూనే కాపాడుకోవాలంటే అన్నింటికన్నా తక్కువ ఖర్చుతో అయ్యేది గెస్ట్ నెట్‌వర్క్. చాలా రూటర్లలో ఈ సదుపాయం ఉంటుంది. బ్రౌజర్‌లో 192.168.1.1 అనో, 192.168.0.1 అనో రూటర్ అడుగున ముద్రించి ఉన్న సంఖ్య కొడితే దాని లోపలి పేజీ తెరుచుకుంటుంది. అక్కడ అతిథుల కోసం వేరే పేరుతో, వేరే పాస్‌వర్డుతో ఇంకొక వైఫై మొదలుపెట్టవచ్చు. సరిగ్గా పెడితే, అందులోకి వచ్చిన ఫోన్‌కు ఇంటర్నెట్ మాత్రమే అందుతుంది, మీ ప్రింటరూ కంప్యూటరూ కనిపించవు. లోపలి నెట్‌వర్క్‌ను చూడటానికి అతిథులకు అనుమతి ఇచ్చే గడి ఒకటి ఉంటుంది, అది ఖాళీగా ఉండాలి. అతిథుల ఫోన్లు ఒకదానినొకటి చూడకుండా ఆపే ఐసొలేషన్ అనే గడి ఉంటే దానిలో టిక్ పెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన కొన్ని పెట్టెల్లో రెండో వైఫై పేరు పెట్టుకోవచ్చు గానీ లోపల అన్నీ కలిసే ఉంటాయి. పేరు వేరైనంత మాత్రాన గోడ కట్టినట్టు కాదు. అందుకని మీరే పరీక్షించండి. మీ ఫోన్‌ను అతిథుల వైఫైకి కలిపి, ఏదైనా కాగితం ప్రింట్‌కు ఇచ్చి చూడండి. కొట్టు ప్రింటరు జాబితాలో కనిపిస్తే గోడ లేనట్టే. బ్రౌజర్‌లో డీవీఆర్ చిరునామా కొట్టి చూడండి, తెరుచుకోకూడదు.

మీ పెట్టెకు అలాంటి గోడ లేదని తేలితే రెండో రూటర్ కొనాలి. కొత్త రూటర్‌ను, పాతదాని నుంచి తీగ లాగి, దాని వెనుక తగిలించి దాని వైఫైని అతిథులకు ఇస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. నేను చూసిన కొట్లలో చాలావాటిలో అలాగే ఉంది, అది తలకిందుల పని. వెనుక రూటర్‌లో ఉన్నవారు ముందు రూటర్‌లోకి పోగలరు, ముందు ఉన్నవారు మాత్రం వెనక్కి రాలేరు. కాబట్టి బిల్లింగు కంప్యూటరూ, ప్రింటరూ, డీవీఆరూ కొత్త రూటర్ వెనుకకు మారాలి, అతిథులు పాతదాని మీద ముందే ఉండాలి. అప్పుడు పాత పెట్టె లోపలి పేజీ వారికి అందుబాటులో ఉంటుంది కనుక ఆ పేజీని తెరిచే అడ్మిన్ పాస్‌వర్డును తప్పక మార్చాలి. ఈ జంజాటమంతా వద్దనుకుంటే, నెలకు ఇంకొంత కట్టి అతిథులకు వేరే కనెక్షనే తీసుకోవచ్చు. అలా చేస్తే మీ బిల్లింగు వేగానికి వారితో పని ఉండదు గానీ, రెండో కనెక్షన్ కూడా మీ పేరు మీదే కనుక మరిది గారి భయం అలాగే మిగులుతుంది.

ఆ భయానికి ప్రభుత్వం చూపిన దారి పీఎం వాణి. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో కిరాణా కొట్టూ, టీ కొట్టూ కూడా లైసెన్సు గానీ, రిజిస్ట్రేషను గానీ, రుసుము గానీ లేకుండా వైఫై కేంద్రం కావచ్చు. వాడేవారిని గుర్తించే పనీ, వివరాలు భద్రపరిచే పనీ మీ మీద కాక, మీరు చేరే సంస్థల మీద ఉంటుంది. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక ఉత్తర్వు ఇస్తూ, ఇటువంటి కేంద్రాలకు 200 ఎంబీపీఎస్ దాకా ఇంటి ప్లాన్ల ధరకు రెట్టింపు మించి వసూలు చేయరాదని కూడా చెప్పింది. మీ కొట్టుకు మాత్రం ఇందులో ఒక చిక్కు ఉంది. కొత్తగా వచ్చినవారు ముందుగా యాప్ పెట్టుకోవాలి, ఫోనుకు వచ్చే ఓటీపీతో తమను నమోదు చేసుకోవాలి. సిగ్నలే లేని సెల్లార్‌లో ఓటీపీ ఎలా వస్తుంది? సిగ్నల్ లేదు కనుకనే వైఫై కావాలి, వైఫై రావాలంటే సిగ్నల్ కావాలి. నమోదు మెట్ల పైన చేసుకుని దిగి రమ్మనాలి. తరచుగా వచ్చేవారికి అది ఒక్కసారి పని కనుక ఫరవాలేదు, ఒకే ఒక్క జాకెట్టు ముక్క కోసం వచ్చినావిడ మాత్రం విసుక్కుంటుంది.

దీనికి బదులుగా కౌంటర్ మీద ఒక నోటు పుస్తకం పెట్టి, వైఫై అడిగినవారి పేరూ ఫోన్ నంబరూ రాయించుకోమని మీకు ఎవరైనా చెప్పవచ్చు. ఈ ఒక్కదానికి మాత్రం నేను గట్టిగా అడ్డుపడతాను. తెరిచిన పుస్తకంలో ఆడవాళ్ళ పేర్లు, పక్కన ఫోన్ నంబర్లు, వారి వెనుక వరుసలో నిలబడ్డ ఎవరైనా ఫోన్ తీసి ఒక్క ఫొటో తీసుకుంటే చాలు. ఆ తరువాత వారికి అర్ధరాత్రి వచ్చే ఫోన్లకు మీరు ఏ సమాధానమూ చెప్పలేరు. ఎవరు వాడారో మీకు కొంతైనా తెలియాలనుకుంటే, వైఫై పాస్‌వర్డు ఉన్న చిన్న చీటీని బిల్లుతో పాటు ఇవ్వండి, ఆ పాస్‌వర్డును వారానికి ఒకసారి మార్చండి. బిల్లు ఉన్నవారికే వైఫై అన్నమాట. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే, ఏ వారంలో ఏ పాస్‌వర్డు నడిచిందో రాసి ఉంచిన కాగితం మీ దగ్గర ఉంటుంది. ఇది పీఎం వాణి ఇచ్చేటంత రక్షణ కాదని మాత్రం గుర్తుంచుకోండి. మీ ఇంటర్నెట్ కంపెనీ షరతుల్లో ఇతరులకు పంచడం గురించి ఏమి రాసి ఉందో కూడా ఒకసారి చూసుకోండి. ఏ కారణంగానైనా నంబర్లు తీసుకుంటే, వాటికి శ్రావణ మాసం ఆఫర్ల మెసేజీలు పంపకండి. ఒక పనికి అని తీసుకున్న వివరాన్ని అడగకుండా మరో పనికి వాడకూడదన్నది 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సారాంశం.

ఏ దారి పట్టినా కొన్ని పనులు తప్పవు, వాటికి ఖర్చు లేదు. అతిథుల వైఫైకి కూడా పాస్‌వర్డు ఉండాలి, రక్షణ పద్ధతి డబ్ల్యూపీఏ2 గానీ డబ్ల్యూపీఏ3 గానీ కావాలి. బటన్ నొక్కి కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి. కొట్టు మూసే వేళకు అతిథుల వైఫై దానంతట అదే ఆగేలా సమయం పెట్టే వీలు కొన్ని రూటర్లలో ఉంది. పై అంతస్తు పిల్లల రాత్రి బేరం దానితోనే సగం తగ్గుతుంది. వేగానికి పరిమితి పెట్టే వీలుంటే పెట్టండి. డబ్బు కట్టడానికి కావలసింది చాలా కొద్ది, రిటర్నుల గడువు రోజున మీ కంప్యూటరును ఆపుతున్నది సినిమాలూ, ఫోన్ల అప్‌డేట్లే. అతిథుల వైఫైకి డీఎన్ఎస్‌గా, అంటే సైట్ల పేర్లకు చిరునామా వెదికిపెట్టే సేవగా, క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వారి 1.1.1.3 ఇస్తే అశ్లీల సైట్లూ, హానికర సైట్లూ చాలావరకు తెరుచుకోవు.

ఇప్పుడు మీ అసలు బాధకు వస్తాను. పాస్‌వర్డ్ మారిస్తే మామగారి మాట తీసేసినట్టు అవుతుందన్నారు. దీనికి నాకు తోచిన ఉపాయం ఒకటి ఉంది. ఇప్పుడున్న వైఫై పేరునూ, కొట్టు ఫోన్ నంబరు పాస్‌వర్డునూ కొన్నాళ్ళపాటు అలాగే అతిథుల నెట్‌వర్క్‌కు ఇచ్చేయండి. కొత్త పేరూ, కొత్త పాస్‌వర్డూ కొట్టు యంత్రాలకు పెట్టుకోండి. అప్పుడు మామగారి అట్టను ఎవరూ కదిలించనవసరం లేదు. పాతవారి ఫోన్లు ఎప్పటిలాగే వాటంతట అవే కలుస్తాయి, కాకపోతే ఇప్పుడు కుండ దగ్గరికి, వంటింట్లోకి కాదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. బిల్లింగు కంప్యూటరుకూ, ప్రింటరుకూ, డీవీఆర్‌కూ కూడా పాత పేరు గుర్తుంటుంది కనుక, వాటిలో దాన్ని తుడిచివేయకపోతే అవి కూడా అతిథుల వైపే పోతాయి. ఈ పని కొట్టు మూశాక చేయండి, శుక్రవారం నాడు మాత్రం పెట్టుకోకండి.

ఈ ఉపాయాన్ని ఆయనకు చెప్పకుండా చేయడానికి కూడా వీలుంది, మీకు ఆ ఆలోచన వస్తుందని కూడా తెలుసు. చేస్తే ఈ నెల ప్రశాంతంగా గడుస్తుంది. ఎప్పుడో ఒక రోజు ఆయన ఫోన్‌లో కెమెరాలు కనిపించక అడుగుతారు, అప్పుడు చెప్పవలసి వస్తుంది. ముప్పై ఏళ్ళు ఆ మెట్లు ఎక్కి దిగిన మనిషికి ఆ మాట అప్పుడు వినడం కన్నా ఇప్పుడు వినడం తేలిక. చెప్పేటప్పుడు మరిది గారి పోలీసుల మాట ఎత్తకండి. ఎత్తితే అది చిన్నకొడుకు తీర్పు అవుతుంది, ఆయన పట్టుదలకు పోతారు. "మామయ్యా, వచ్చినవాళ్ళకు ఇద్దాం, మన బాకీల పుస్తకం మాత్రం వాళ్ళ చేతికి అందకుండా పెడదాం" అనండి. ఖాతాదారుల బాకీ గురించి ఆయన ఇన్నేళ్ళలో ఒక్కరి దగ్గరైనా నోరు జారి ఉండరని నా నమ్మకం. ఆయన వినకపోతే, మీ భర్త ఊళ్ళో ఉన్న రోజు చూసి ఇద్దరూ కూర్చుని మాట్లాడండి. అంతవరకు కనీసం షేర్ చేసిన ఫోల్డరు మూసి, డీవీఆర్ పాస్‌వర్డు మార్చండి. వాటికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

కొన్నాళ్ళు గడిచాక పాత పాస్‌వర్డును కూడా మార్చక తప్పదు, అది ఎందరి దగ్గరో ఉంది. ఆ కొత్త పాస్‌వర్డు ఏమిటో మామగారినే చెప్పమనండి, అట్ట మీద ఆయన చేతనే రాయించండి. పన్నెండు అక్షరాలకు తక్కువ కాకుండా, ఫోన్ నంబరు కాకుండా ఉంటే చాలు.

ఇక మీ సొరుగులోని హాల్ టికెట్. ఆ అమ్మాయికి ఈపాటికి వేరే కాపీ దొరికే ఉంటుంది, కోచింగ్ సెంటర్‌కు వెళ్ళి అందరిలో అడిగితే పాపం ఆ పిల్లే సిగ్గుపడుతుంది. మామగారితో మాట్లాడే రోజున ఆ కాగితాన్ని ఆయన చేతిలో పెట్టండి. ఆ పిల్ల పేరూ, పుట్టిన తేదీ, ఫొటో మన ప్రింటరులోంచి ఎలా వచ్చాయో ఆయనకు కంటితో చూపించినట్టు అవుతుంది. చూశాక, పేరూ ఫొటో అతికించినా కనిపించనంత చిన్న ముక్కలుగా, మీ జాకెట్టు ముక్కలు కత్తిరించే కత్తెరతోనే కత్తిరించి పారేయండి.